ఫొటో మీద అక్షరాలు వెలిసిపోయాయా? ముందు ఒపాసిటీ చూడండి

లాడ్ బజార్‌లో లక్క గాజులు అమ్మే ఒక దుకాణానికి వెబ్ పేజీ చేస్తున్నాను. పైన రాత్రి దీపాల్లో మెరిసే చార్మినార్ ఫొటో, దాని మీద నల్లటి పల్చని పొర, ఆ పొర మీద తెల్లటి అక్షరాల్లో షాపు పేరు. చూడ్డానికి చిన్న పనే. కానీ పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ కోడ్‌లో రంగులతో వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే ఎదురయ్యాయి.

సమస్య: పొరను పల్చన చేస్తే అక్షరాలు కూడా పల్చబడ్డాయి

పొర ఉన్న డబ్బాకు ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే అంకె, 1 అంటే పూర్తిగా) 0.5 ఇచ్చాను. ఫొటో చక్కగా కనిపించింది, షాపు పేరు మాత్రం మసకబారింది. అక్షరాలకు విడిగా ఒపాసిటీ 1 ఇచ్చినా లాభం లేదు.

కారణం: ఒపాసిటీ రంగుకు పడేది కాదు. బ్రౌజర్ ఆ డబ్బానూ లోపలున్న వాటినీ కలిపి ఒక్క బొమ్మగా చేసి, ఆ బొమ్మ మొత్తాన్ని పల్చన చేస్తుంది. అందుకే లోపలిది ఎప్పటికీ బయటి డబ్బా కంటే చిక్కగా కనిపించదు.

పరిష్కారం: ఒపాసిటీ లైన్ తీసేయండి. పారదర్శకతను బ్యాక్‌గ్రౌండ్ రంగులోనే ఇవ్వండి: ఆర్‌జీబీ(0 0 0 / 50%). పొర మాత్రమే పల్చబడుతుంది, అక్షరాలు తెల్లగా అలాగే ఉంటాయి.

మెనూ తెరిస్తే కింది ఫొటోల వెనక్కి పోతోందా? జెడ్-ఇండెక్స్ (ఏది పైన, ఏది కింద అని చెప్పే అంకె) 9999 పెట్టినా పైకి రావట్లేదా? హెడర్‌కు ఒపాసిటీ 0.95 లాంటిది ఉందేమో చూడండి. 1 కంటే ఏమాత్రం తగ్గినా ఆ డబ్బా ఒక కొత్త స్టాకింగ్ కాంటెక్స్ట్, అంటే లోపలివి తమలో తామే పైకీ కిందకీ పేర్చుకునే విడి దొంతర, అవుతుంది. లోపలి మెనూ జెడ్-ఇండెక్స్ దాన్ని దాటి బయటికి పనిచేయదు. మందు పైన చెప్పిందే.

సమస్య: కోడ్ కరెక్టుగానే ఉంది, పొర మాత్రం కనిపించదు

మాదాపూర్‌లో యాప్ టీమ్ పక్కన కూర్చుని వెబ్ పని చేసేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. ఆండ్రాయిడ్ ఫైల్ నుంచి #80000000 కాపీ చేసి సీఎస్‌ఎస్‌లో పెడతారు. అక్కడ సగం నలుపు, ఇక్కడ ఏమీ ఉండదు.

కారణం: ఆండ్రాయిడ్‌లో ఆల్ఫా (రంగు ఎంత చిక్కగా ఉండాలో చెప్పే భాగం) మొదటి రెండు అంకెలు. సీఎస్‌ఎస్‌లో చివరి రెండు. కాబట్టి బ్రౌజర్ దాన్ని ముదురు ఎరుపుగా, ఆల్ఫా సున్నాగా చదువుతుంది.

పరిష్కారం: ఆల్ఫాను చివరికి జరపండి: #00000080. ఇంకో జాగ్రత్త, సగం కావాలని చివర 50 రాయకండి. ఇది హెక్స్ (పదహారుతో లెక్కించే) లెక్క, 50 అంటే 255లో 80, అంటే 31 శాతమే. సగానికి దగ్గరగా ఉండేది హెక్స్‌లో 80, అంటే 255లో 128.

రంగు అసలు పడకపోతే బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లో ఆ లైన్ చూడండి. కొట్టేసి పక్కన హెచ్చరిక గుర్తు ఉంటే రాసిన తీరులో తప్పుంది. ఎక్కువసార్లు అది కామాలూ స్లాషూ కలిపేయడమే: ఆర్‌జీబీ(0, 0, 0 / 50%) చెల్లదు. స్లాష్ వాడితే అంకెల మధ్య ఖాళీలే ఉండాలి.

సమస్య: ఎండలో ధర కనిపించట్లేదు

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఏసీ గదిలో పెద్ద స్క్రీన్ మీద అందంగా ఉన్న లేత బూడిద ధర, చార్మినార్ ముందు మిట్టమధ్యాహ్నం ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నా చదవలేం. కొనేవాళ్లు నిలబడి చూసేది అక్కడే.

కారణం: తెలుపు మీద #999999 అనే లేత బూడిదకి కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగులో ఉన్న నిష్పత్తి) 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలనే ప్రమాణాలు) అడిగేది కనీసం 4.5.

పరిష్కారం: #767676 పెడితే 4.54 వస్తుంది. ఎండలో చదవాలంటే ఇంకా ముదురుగా వెళ్లండి.

ఫొటో మీది అక్షరాలకైతే ఫొటోలో బాగా వెలుగున్న చోట కొలవండి. దీపం దగ్గర పూర్తి తెలుపు ఉంటే, 50% నలుపు పొర వేశాక తెల్లక్షరాలకు కాంట్రాస్ట్ దాదాపు 4 దగ్గరే ఆగుతుంది. అదే 60% చేస్తే 5.7 దాటుతుంది. గాజుల షాపు పేజీలో ఇప్పుడు ఉన్నది ఆ 60 శాతమే.