రౌండ్ల మధ్య నిలబడాలా, కూర్చోవాలా? కార్నర్‌లో ఉండేవారికి

మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో సాయంత్రం మా దగ్గర బాక్సింగ్ సాధనకు వచ్చే పిల్లల్లో చాలామంది కుస్తీ తాలీం నుంచి వచ్చినవారే. జాతర కుస్తీలో పహిల్వాన్ మధ్యలో కూర్చునే ప్రసక్తి ఉండదు కాబట్టి, మొదటిసారి గ్లోవ్స్ తొడుక్కుని మూడు నిమిషాలు ఆడి కార్నర్‌కు, అంటే రింగ్‌లో తన మూలకు, వచ్చినప్పుడు స్టూలు చూపిస్తే అది వారికి నామోషీగా తోస్తుంది. "నాకేం అలసట లేదు సార్, నిలబడే ఉంటా" అంటారు. పెద్ద బాక్సర్లు కొందరు విరామంలో నిలబడి ఉండటం ఫోన్లో చూసి వచ్చినవారైతే మరీ పట్టుబడతారు. ఆ పెద్దలు నిలబడటానికి కారణాలు లేకపోలేదు, కాని అవి మా పిల్లలు ఊహించుకునేవి కావు. అందువల్ల ఈ విషయాన్ని పిల్లవాడి పౌరుషానికి వదిలేయకుండా, సాధనలోనే పరీక్షించి, కోచ్ తేల్చిపెట్టాలని నా అభిప్రాయం.

ఈ విరామం ఎలా వచ్చిందో ముందు తెలుసుకుంటే మంచిది. 1838 నాటి లండన్ నియమాల్లో ఎవరో ఒకరు పడిపోతేనే రౌండ్ ముగిసేది. ఆ తర్వాత దొరికేది 30 సెకన్లు. అప్పట్లో సహాయకుడు ఒంటి మోకాలిపై కూర్చుంటే అతని రెండో మోకాలే బాక్సర్‌కు స్టూలు. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి అన్న లెక్క 1867లో ప్రచురితమైన క్వీన్స్‌బెరీ నియమాలతో వచ్చింది.

నిలబడేవారి గురించి మాట్లాడితే మొదట గుర్తుకొచ్చే పేరు అమెరికా హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో ఎనిమిదో రౌండ్‌లో ఓడిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత, 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టి హెవీవెయిట్ టైటిల్‌ను మళ్లీ గెలుచుకున్నాడు. ఆటకు తిరిగి వచ్చిన ఆ రెండో దశలో ఆయన రౌండ్ల మధ్య కార్నర్‌లో నిలబడి ఉండటం అందరికీ తెలిసిన దృశ్యం. దాదాపు 113 కిలోల బరువు, నడివయసు మోకాళ్లు, పొట్టి స్టూలు: ఈ మూడింటినీ కలిపి చూస్తే, కూర్చుని లేవడమే ఒక పని అవుతుందని ఎవరికైనా అర్థమవుతుంది. దానికి తోడు, ముసలివాడు అలసిపోతాడని ఎదురుచూస్తున్న ప్రత్యర్థికి, అతను అసలు కూర్చోకపోవడం ఒక జవాబు. కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని నమ్మేవారు కూడా నిలబడతారు. ఒక్క నిమిషంలో కండరాలు అంతగా చల్లబడవు గాని, బాక్సర్‌కు ఆ నమ్మకం బలంగా ఉంటే వాదించి లాభం లేదు. జడ్జీలకు చూపించడం కోసమని చెప్పేవారి మాట మాత్రం పట్టించుకోకండి. గంట మోగాక జరిగేదానికి మార్కులు ఉండవు.

ఇక శరీరం సంగతి. మూడు నిమిషాలు గంతులు వేసిన కాళ్లలోకి రక్తం విపరీతంగా ప్రవహిస్తుంటుంది. కదులుతున్నంత సేపూ పిక్కల కండరాలు బిగుసుకుంటూ సడలుతూ ఆ రక్తాన్ని పైకి నెడతాయి. ఉన్నట్టుండి కొయ్యబొమ్మలా నిలబడిపోతే ఆ పంపు ఆగిపోయి, రక్తం కాళ్లలోనే నిలిచి, తల తిరిగినట్టు అవుతుంది. కాబట్టి విరామంలో నిలబడటం కన్నా కదలకుండా నిలబడటమే అసలు ప్రమాదం. మే నెలలో మా రేకుల షెడ్డు కింద ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే ఎండకు ఒంటిని చల్లబరచడానికి చర్మంలోకి కూడా రక్తం మళ్లుతుంది. ఎండాకాలంలో నేను ఎవరినీ నిలబడనివ్వను. కూర్చుంటే శరీర బరువు మోసే కండరాలకు పని తప్పుతుంది, గుండెపై భారం కొంత తగ్గుతుంది. అయితే రెండు పద్ధతుల్లోనూ అన్నింటికన్నా ముఖ్యమైనది ఊపిరే. పంచ్ విసిరేటప్పుడు ఖర్చయ్యే తక్షణ శక్తి కండరాల్లో తిరిగి నిండాలంటే ఆక్సిజన్ కావాలి, ఆ నిమిషంలో అది పూర్తిగా నిండదు కూడా.

పరీక్ష ఇలా చేయండి. ఒక సాయంత్రం పంచింగ్ బ్యాగ్ మీద మూడు రౌండ్లు కూర్చునే పద్ధతిలో, రెండు రోజుల తర్వాత అదే సమయానికి నిలబడే పద్ధతిలో ఆడించండి. రౌండ్ ముగియగానే ఒకసారి, విరామం 50వ సెకన్ దగ్గర మరోసారి, మెడ పక్కన వేలు పెట్టి 10 సెకన్లు నాడి లెక్కించి ఆరుతో హెచ్చించండి. కూర్చున్నవారి నాడి ఎలాగూ తక్కువే చూపిస్తుంది, కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. తర్వాతి రౌండ్ మొదటి 30 సెకన్లలో ఎన్ని పంచ్‌లు గట్టిగా పడ్డాయో లెక్కపెట్టండి. నా దృష్టిలో అసలు సాక్ష్యం అదే. ఇలా రెండు మూడు వారాలు నోట్‌బుక్‌లో రాసుకుంటే పిల్లవాడితో వాదించాల్సిన అవసరం ఉండదు, లెక్క చూపిస్తే చాలు.

కూర్చోబెడితే స్టూలు అతనికన్నా ముందే కార్నర్‌కు చేరాలి. కాళ్లు ముందుకు చాపి, వీపు మూలలోని ప్యాడ్‌కు ఆనించి, చేతులు తాళ్లపై గాని తొడలపై గాని వదిలేయమనండి. ముందుకు వంగి కూర్చుంటే పొట్ట నొక్కుకుని ఊపిరి అందదు. అందుకే షార్ట్స్ నడుము పట్టీని రెండు వేళ్లతో కాస్త ముందుకు లాగి పట్టుకోండి. నిలబడేవాడైతే మూలకు వీపు ఆనించి, రెండు చేతులూ తాళ్లపై వేసి భుజాలకు విశ్రాంతి ఇస్తూ, మడమల మీంచి మునివేళ్ల మీదికి మెల్లగా ఊగుతూ ఉండాలి. అతను మీకన్నా పొడవైతే మీ పని కష్టమవుతుంది: ముఖం తుడవడం, వాసెలిన్ రాయడం, నీళ్లు పట్టడం అన్నీ చెయ్యెత్తి చేయాలి. అమెచ్యూర్ పోటీల్లో రింగ్ లోపలికి వెళ్లేది ఒక్క సహాయకుడే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నిమిషం అంటాం గాని, కార్నర్‌కు నడిచిరావడం పోగా, రౌండ్‌కు 10 సెకన్ల ముందు మోగే విజిల్ పోగా, మన చేతికి మిగిలేది 40 సెకన్లకు కాస్త అటూ ఇటూ. మొదటి పదిహేను సెకన్లు సలహాలేవీ చెప్పకండి. పళ్లకు రక్షణగా పెట్టుకునే మౌత్‌గార్డ్ తీసి, ముక్కుతో లోతుగా పీల్చి నోటితో వదలమనండి. తర్వాత ఒక్క గుక్క నీళ్లు, మెడ వెనక తడి గుడ్డ, ఒకే ఒక్క సూచన. ఆ మాట కూడా ముందే అనుకున్న మాట అయి ఉండాలి. మా ఊళ్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసే నడుస్తాయి. ఒక మరాఠీ పిల్లవాడికి అలవాటుగా చెప్పే "బస్" అన్న మాటను ఒకసారి మా తెలుగు పిల్లవాడితో అనేశాను. కూర్చోమని నా ఉద్దేశం. వాడు "చాలు, ఆపేయ్" అని అర్థం చేసుకుని గ్లోవ్స్ విప్పడం మొదలుపెట్టాడు.

గోదావరి వంతెన దాటితే వచ్చే నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయ్యాక మా వైపు ఆడపిల్లలు కూడా గ్లోవ్స్ అడుగుతున్నారు. వారు ఆడే అమెచ్యూర్ పోటీలో మూడే రౌండ్లు, అంటే రెండే విరామాలు, మొత్తం రెండు నిమిషాలు. ప్రొఫెషనల్ పురుషుల పన్నెండు రౌండ్ల పోటీలో విరామాలు పదకొండు. అక్కడ పనికొచ్చిన అలవాటును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడంలో అర్థం లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఎవరి ఇష్టమూ అడగకండి. తలకు గట్టి దెబ్బ తగిలి వచ్చినవాడు నిలబడతానన్నా కూర్చోబెట్టండి. ఎన్నో రౌండో అడగండి, కళ్లు చూడండి, అన్నింటికన్నా ముఖ్యంగా విజిల్ మోగాక అతను స్టూలు మీంచి లేచే తీరు చూడండి. చెయ్యి తాళ్లకు వేసి లేస్తే, పాదం వెతుక్కుంటూ లేస్తే, పోటీ అక్కడే ఆపించండి. నిలబడి ఉన్నవాడి దగ్గర మనకు ఈ చిన్న పరీక్ష దొరకదు; నేను కూర్చోబెట్టడం వైపే మొగ్గడానికి సగం కారణం ఇదే. 1975లో మనీలాలో 14వ రౌండ్ తర్వాత కోచ్ ఎడీ ఫచ్ తన బాక్సర్ జో ఫ్రేజియర్‌ను లేవనివ్వలేదు. ఇంకా ఒక్క రౌండే మిగిలి ఉందని తెలిసే ఆపాడు.

చివరగా స్టూలు గురించి. టిఫిన్ బండి దగ్గర ఉండే ప్లాస్టిక్ స్టూలు వాడకండి. ఒక చిన్న పోటీలో నేను అదే పెట్టాను. మొదటి విరామంలో ఉమ్మిన నీళ్లు కొన్ని బకెట్‌లో పడక కాన్వాస్ మీద పడ్డాయి, రెండో విరామంలో స్టూలు కాలు ఆ తడిలో జారి పిల్లవాడు వెల్లకిలా పడ్డాడు. ప్రత్యర్థి కొట్టలేని దెబ్బ నేను కొట్టించినట్టయింది. అప్పటి నుంచి కాళ్లకు రబ్బరు బిరడాలున్న ఇనుప స్టూలే వాడుతున్నాను, విజిల్ మోగగానే దాన్ని తీసేస్తూ రెండో చేత్తో పొడి తువ్వాలు పెట్టి మూల మొత్తం తుడిచి వస్తున్నాను.