ఆరాక పాలిపోయిన చెట్ల నీడలు

నది, రెండు గట్ల మీదా దట్టంగా చెట్లు, మనిషన్న జాడ లేదు. అదీ నేను వేసిన ఆయిల్ పెయింటింగ్. వేసేటప్పుడు చెట్ల నీడలు నల్లగా, లోతుగా భలే కుదిరాయి. 2 వారాలయ్యాక చూస్తే గట్టు కింద నీడంతా బూడిద పట్టినట్టు పాలిపోయింది, పక్కనే నీళ్ల మీద వెలుగు మాత్రం నిగనిగలాడుతోంది. రంగు తప్పుగా కలిపానేమోనని టెన్షన్ పడి దాని మీదే ఇంకాస్త ముదురుగా వేశాను. అదీ ఆరాక అంతే.

అసలు సంగతేంటంటే, బర్న్ట్ అంబర్ లాంటి మట్టి రంగులు వేసిన చోట నూనెను కింది పొర పీల్చేసుకుంటుంది, పైగా నేను రంగును పల్చబరిచే టర్పెంటైన్ ధారాళంగా కలిపాను. వేలు తడి చేసి ఆ మచ్చ మీద రాస్తే ఒక్క క్షణం పాత నలుపు తిరిగొచ్చింది. అంటే రంగు పోలేదు, మెరుపే పోయింది!

పైపొర చేతికి అంటకుండా ఆరేదాకా ఆగి, పోగులు రాలని మెత్తటి గుడ్డతో లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రెండు మూడు చుక్కలు, పాలిపోయిన చోట మాత్రమే, పల్చగా రుద్దాను. కాసేపాగి మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేశాను. ఇక్కడ బద్ధకిస్తే ఆ నూనే తర్వాత పసుపెక్కుతుంది. ఆ గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నేను నీళ్లలో నానబెట్టాను.

నీడలు మళ్లీ లోతుగా కనిపిస్తున్నాయి. వార్నిష్‌కి ఇంకో 6 నెలలైనా ఆగుతాను. కంగారులో వేసిన ఆ దండగ పొర వల్ల ఒక చెట్టు మొదలు కాస్త లావైపోయింది, దాన్నలాగే వదిలేశాను.