వ్యవసాయం, అటవీశాస్త్రం చదివినవాళ్లు ప్రభుత్వ కొలువు మీదుగా అంతర్జాతీయ సంస్థల్లోకి ఎలా వెళ్లాలి

"అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి అధికారి" పేరుతో మన దేశంలో ఏ నోటిఫికేషనూ పడదు. ముందు దేశంలోనే ఒక సర్వీసులో చేరాలి. అక్కడ నాలుగైదేళ్లు చేతినిండా పని చేసి, ఆ తర్వాత డిప్యుటేషన్ మీదో, ప్రభుత్వ నామినేషన్ మీదో, సొంత దరఖాస్తుతోనో బయటికి వెళ్లాలి. ఈ దారి కొత్తదేమీ కాదు. రోమ్‌లోని ఆహార, వ్యవసాయ సంస్థకు (ఎఫ్‌ఏవో) 1956 నుంచి 1967 వరకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న బినయ్ రంజన్ సేన్ ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీస్) అధికారిగానే మొదలయ్యారు. కాబట్టి మొదటి సర్వీసును ఎంచుకునే రోజే రెండో అడుగు గురించి ఆలోచించాలి. చాలామంది ఆ ఆలోచన పదేళ్ల తర్వాత చేస్తారు. అప్పటికి కుటుంబం, వయసు, చదివిన సబ్జెక్టు అన్నీ అడ్డొస్తాయి.

ఏ సర్వీసులో చేరాలి

పీజీ చేసినవాళ్లకు ముందుగా కనిపించేది అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్ (ఏఆర్‌ఎస్). పరీక్ష నిర్వహించేది వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి (ఏఎస్‌ఆర్‌బీ). వయసు 21 నుంచి 32 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. ప్రిలిమ్స్ 150 మార్కులకు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. మెయిన్స్ 240 మార్కులు, మూడు గంటల్లో రాసే వ్యాసరూప పరీక్ష. ఇంటర్వ్యూకు 60. ప్రిలిమ్స్ మార్కులు తుది జాబితాలో కలవవు. అయినా ఏడాదంతా బిట్లమీదే గడిపి, మెయిన్స్ హాల్లో చేయి తిరగక ఆగిపోయేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. ప్రిలిమ్స్‌కు చదివే రోజుల్లోనే రోజుకు ఒక జవాబు గడియారం పెట్టుకుని రాయడం అలవాటు చేసుకోండి. ఎంపికైనవాళ్లకు ఫౌండేషన్ కోర్సు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్)లో జరుగుతుంది.

ఏఆర్‌ఎస్‌లో మీ విభాగాన్ని మీ పీజీ సబ్జెక్టు నిర్ణయిస్తుంది. అంటే అసలు నిర్ణయం ఎమ్మెస్సీలో చేరేటప్పుడే జరిగిపోతుంది. ప్లాంట్ బ్రీడింగ్ చదివినవాళ్లకు పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి సీజీఐఏఆర్ (అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కూటమి) కేంద్రాల్లో చోటుంటుంది కానీ, ఎఫ్‌ఏవోలో వంగడాలు తయారుచేసే పని దాదాపు ఉండదు. అక్కడ కావలసినవాళ్లు వ్యవసాయ ఆర్థికవేత్తలు, గణాంక నిపుణులు, మొక్కల ఆరోగ్యం, పశు రోగాలు, నేల, నీరు, మత్స్య, అటవీ రంగాలవాళ్లు. విదేశీ సంస్థ మీద గట్టి కోరిక ఉండి, సబ్జెక్టు ఇంకా చేతిలోనే ఉంటే అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌నో, మొక్కల ఆరోగ్యాన్నో ముందు పరిశీలించండి.

ఇక్రిశాట్ గురించి ఒక ముఖ్యమైన సంగతి. అక్కడ ఉద్యోగాలు రెండు రకాలు: అంతర్జాతీయంగా నియమించేవి, దేశీయంగా నియమించేవి. రెండోరకం భారతీయ షరతుల మీద, రూపాయల్లో ఉంటుంది. గేటు లోపలికి వెళ్లడం, అంతర్జాతీయ సిబ్బందిలో చేరడం ఒకటి కాదు. ప్రకటనలో ఈ వివరం చూడకుండా దరఖాస్తు పెట్టకండి.

అడవులు, వన్యప్రాణులు, భూసారం వైపు మొగ్గు ఉంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. వ్యవసాయ, అటవీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లూ, డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం వంటి సబ్జెక్టు చదివినవాళ్లూ అర్హులు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, కటాఫ్ మాత్రం సివిల్స్ కంటే బాగా ఎక్కువ. పోస్టులు తక్కువ కావడమే కారణం. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ 300 చొప్పున, రెండు ఆప్షనల్స్‌కు కలిపి 800, మొత్తం 1400. ఇంటర్వ్యూ 300. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. వ్యవసాయం తీసుకుంటే రెండో ఆప్షనల్‌గా అటవీశాస్త్రం, పశుసంవర్థకం, వ్యవసాయ ఇంజినీరింగ్ తీసుకోనివ్వరు. జవాబులు ఇంగ్లిష్‌లోనే రాయాలి; సివిల్స్ మెయిన్స్‌లాగా తెలుగులో రాసే వీలు లేదు. నడక పరీక్ష కూడా ఉంది: నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు. ఈ సర్వీసువాళ్లకు జీవవైవిధ్య ఒప్పందం, ఎడారీకరణ ఒప్పందం, సైటీస్ (అంతరించే జీవజాతుల వ్యాపార నియంత్రణ ఒప్పందం) చర్చల్లో దేశం తరఫున కూర్చునే అవకాశం వస్తుంది. జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు 2012లో హైదరాబాద్‌లోనే జరిగింది.

నాబార్డ్ (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రేడ్ ఏ గురించి క్లుప్తంగా. బ్యాంకు ఉద్యోగమని తీసిపారేయొద్దు. వాతావరణ మార్పుల పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధులైన అడాప్టేషన్ ఫండ్, గ్రీన్ క్లైమేట్ ఫండ్ రెండింటి గుర్తింపూ నాబార్డ్‌కు ఉంది. విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టు పత్రం ఎలా రాస్తారో, ఖర్చుల లెక్క ఎలా ఒప్పజెప్తారో అక్కడ నేర్చుకున్నవాళ్లకు బయట మంచి గిరాకీ.

చిన్న పనిని పెద్ద అర్హతగా మార్చుకోవడం

ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ ద్వారా మండల వ్యవసాయాధికారిగా చేరినవాళ్లు తమకు ఈ రంగంలో చోటు లేదనుకుంటారు. అది పొరపాటు. గుంటూరు మిర్చినే తీసుకోండి. యూరప్ దేశాలు మిరపలో అఫ్లటాక్సిన్ బీ1ను కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లను 10 మైక్రోగ్రాములు దాటనివ్వవు. ఈ విషాన్ని పుట్టించే బూజు, కాయలు సరిగా ఆరనప్పుడు పడుతుంది. కళ్లంలో నేలమీద పోసిన కాయలకు రాత్రి మంచు తగిలి, పొద్దున పైపైన ఆరి, అడుగున చెమ్మ మిగిలిపోతే చాలు. టార్పాలిన్ మీద పలచగా పరిచి, సాయంత్రం కప్పి, తేమ 10-11 శాతానికి వచ్చాకే బస్తాలకెత్తితే ముప్పు బాగా తగ్గుతుంది.

ఈ పని చేయించిన అధికారి సీవీలో "రైతులకు శిక్షణ ఇచ్చాను" అని రాస్తే ఎవరూ రెండోసారి చూడరు. ఎంతమంది రైతులు, ఎన్ని నమూనాలు, ఏ ల్యాబ్‌లో, ఏ పద్ధతిలో పరీక్షించారు, ముందు ఎంత ఉంది, తర్వాత ఎంతకు దిగింది, ఆ ఫలితాన్ని ఏ ఎగుమతిదారో రైతు ఉత్పత్తిదారుల సంఘమో వాడుకుందా: ఇవి రాస్తేనే అది మొక్కల ఆరోగ్య, ఆహార భద్రత నిపుణుడి సీవీ అవుతుంది. ఇంటర్వ్యూలో నమూనా ఎలా తీశారని కచ్చితంగా అడుగుతారు. అఫ్లటాక్సిన్ బస్తా అంతా సమానంగా ఉండదు, కొన్ని కాయల్లోనే కుప్పపడి ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే శుభ్రంగా ఉన్నట్టే తేలుతుంది. లాట్‌లో చాలాచోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, కలిపి, పొడిచేసి, అందులోంచి తీసుకున్నదే సరైన నమూనా. ఈ ఒక్క జవాబుతో పని తెలిసినవాళ్లెవరో, నివేదిక మాత్రమే చదివినవాళ్లెవరో బోర్డుకు అర్థమైపోతుంది.

కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే అంకెలు ఒక నోటుబుక్కులో పెట్టుకోండి. బదిలీ అయ్యాక పాత ఆఫీసు ఫైళ్లు మీ చేతికి రావు.

సహజ వనరుల వైపు చూసేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం మంచి అనుభవ క్షేత్రం. 2024లో గుల్బెంకియన్ మానవతా బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆ కార్యక్రమం ఒకటి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ), ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ) దగ్గరే. భారత ప్రభుత్వ విదేశీ సాంకేతిక సహకార పథకమైన ఐటెక్ కింద ఆఫ్రికా, ఆసియా దేశాల అధికారులు శిక్షణకు వచ్చే సంస్థలవి. అక్కడ రిసోర్స్ పర్సన్‌గా ఒక పాఠం చెప్పే అవకాశం వస్తే వదులుకోవద్దు. విదేశీ అధికారులకు బోధించిన అనుభవం వీసా ఖర్చు లేకుండా దొరికేది అక్కడే.

రెండో భాష

ఎఫ్‌ఏవోలో వృత్తి నిపుణుల పోస్టులకు సాధారణంగా ఒక అధికార భాష ధారాళంగా రావాలి, రెండోది కొంతైనా రావాలి. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, రష్యన్, చైనీస్ ఆ భాషలు. తెలుగు, హిందీ లెక్కలోకి రావు. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తేలిపోయేది ఈ గడి దగ్గరే. పశ్చిమాఫ్రికా పనులకు పనికొస్తుంది కాబట్టి ఫ్రెంచ్ నేర్చుకోవడం మేలు. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాంసేజ్, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉన్నాయి. ఫ్రెంచ్ పరిజ్ఞానానికిచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్‌కు గడువు ముగియడం ఉండదు కాబట్టి చదువుకునే రోజుల్లోనే బీ1 (మధ్యస్థాయి) దాకా పూర్తిచేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరి, మండలం తిరుగుతూ, కొత్త భాష నేర్చుకోవడం చాలా కష్టం.

దరఖాస్తు

ఎఫ్‌ఏవో వృత్తి నిపుణుల (పీ) గ్రేడ్లకు అనుభవం ఇలా అడుగుతారు: పీ-2కు ఒక ఏడాది, పీ-3కి ఐదేళ్లు, పీ-4కు ఏడేళ్లు, పీ-5కు పదేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లకు ఏఆర్‌ఎస్‌లో చేరినవాళ్లు ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగేళ్లకు పీ-3కి దరఖాస్తు చేయవచ్చు. అనుభవాన్ని నెలలతో సహా లెక్కిస్తారు. "2017-2022" అని రాస్తే ఐదేళ్లో, నాలుగేళ్లో తెలియదు. చేరిన తేదీ, వదిలిన తేదీ పూర్తిగా రాయండి. హోదా పేరు ఒక్కటే రాస్తే బయటివాళ్లకు అర్థం కాదు. "ఏడీఏ" (సహాయ వ్యవసాయ సంచాలకుడు) అంటే రోమ్‌లో ఎవరికి తెలుస్తుంది? ఎన్ని మండలాలు, ఎంత బడ్జెట్, ఎంతమంది సిబ్బంది మీ కింద ఉన్నారో విడమర్చి చెప్పండి.

ప్రకటనలో అడిగిన ప్రతి అర్హతకూ మీ ప్రొఫైల్‌లో ఒక వాక్యం కనిపించాలి. ఒకే సీవీని పది పోస్టులకు పంపడం వృథా. ఇంటర్వ్యూలో ఫలితాల మీద దృష్టి, బృందంతో పని, భావ వ్యక్తీకరణ, సంబంధాలు పెంచుకోవడం, జ్ఞానం పంచుకోవడం అనే ఐదు లక్షణాల మీద ప్రశ్నలుంటాయి. ప్రతిదానికీ మీ ఉద్యోగంలో నిజంగా జరిగిన ఒక సందర్భం సిద్ధం చేసుకోండి: ఏం జరిగింది, మీరేం చేశారు, ఏమైంది. "మేము చేశాం" అనడం మన మర్యాద, కానీ అక్కడ మీ వాటా ఏమిటో వినాలనుకుంటారు.

గడువు రోమ్ అర్ధరాత్రి అంటే మనకు చలికాలంలో తెల్లవారుజామున నాలుగున్నర, వేసవిలో మూడున్నర. అందాకా ఆగకండి, ఆఖరి గంటలో సైటు మొరాయిస్తే ఎవరూ వినరు. డబ్బు అడిగే ఏ ప్రకటననూ నమ్మొద్దు. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఉద్యోగానికి ఏ దశలోనూ రుసుము తీసుకోవు.

ఇంకా సర్వీసులో చేరనివాళ్లకు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పథకం ఉంది. 18-26 మధ్యవాళ్లు యువ వాలంటీర్లుగా, 27 దాటినవాళ్లు నిపుణ వాలంటీర్లుగా చేరవచ్చు. ఇక అమెరికా నిధులతో నడిచే ప్రాజెక్టుల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆలోచన మార్చుకోవాలి: 2025 జులై 1తో అమెరికా అభివృద్ధి సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం అమలు ఆపేసింది. అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగు పిల్లలకు మాత్రం అక్కడి వ్యవసాయ శాఖలోని ఫారిన్ అగ్రికల్చరల్ సర్వీస్ దారి ఉంది. గ్రీన్‌కార్డు చాలదు. అలాగే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుతో ఇక్కడి ప్రభుత్వ సర్వీసుల్లో చేరడం కుదరదు.

అనుమతులు, పాస్‌పోర్టు

ప్రభుత్వ ఉద్యోగి ముందు శాఖకు రాతపూర్వకంగా తెలిపి, అనుమతి తీసుకుని దరఖాస్తు పెట్టాలి. ఎంపికయ్యాక ఫైలు కదలడానికి నెలలు పడుతుంది, సంస్థ అన్నాళ్లు ఆగదు. విజిలెన్స్ క్లియరెన్స్ (ఉద్యోగి మీద కేసులేమీ లేవన్న ధ్రువీకరణ) ఆగేది ఎక్కువగా పెద్ద కేసుల వల్ల కాదు. జనవరి 31లోగా ఇవ్వాల్సిన స్థిరాస్తి వివరాలు ఇవ్వని కేంద్ర ఉద్యోగులకు అది దొరకదు. డిప్యుటేషన్ ఉత్తర్వులో లియన్ (పాత పోస్టు మీద తిరిగి చేరే హక్కు) ఎన్నాళ్లో, పెన్షన్, లీవ్ శాలరీ వాటా ఎవరు కడతారో స్పష్టంగా రాయించుకోండి. అది రాయకపోతే దెబ్బ పదవీ విరమణ నాడు తగులుతుంది. ఢాకాలోని సార్క్ వ్యవసాయ కేంద్రం లాంటి చోట్ల కొన్ని పోస్టులకు దేశ ప్రభుత్వమే పేర్లు పంపాలి. ఆ సర్క్యులర్లు కేంద్ర వ్యవసాయ పరిశోధన, విద్యా విభాగం (డేర్), భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ద్వారా వస్తాయి, గడువు తక్కువగా ఉంటుంది. సీవీ, మీ వార్షిక పనితీరు నివేదికల నకళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

చివరిది, మనవాళ్లను ప్రత్యేకంగా ఇబ్బందిపెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పీహెచ్‌డీ పట్టాలో పేరుకు చివర ఉంటే, మూడు పేర్లూ ఒకరివే అని రుజువు చేయాల్సి వస్తుంది. ప్రచురించిన పేపర్లు నాలుగో పేరుతో ఉంటే మరీ చిక్కు. పీజీలో ఉండగానే ఇంటిపేరు పూర్తిగా రాసే ఒక రూపం నిర్ణయించుకుని, పాస్‌పోర్టు, ఆధార్, పరిశోధన పత్రాలు అన్నింటిలో అదే వాడండి. సర్వీసులో చేరాక పాస్‌పోర్టు తీసుకునేవాళ్లు శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ, అనెక్స్‌చర్ జీ) కోసం ఎదురుచూడనక్కర్లేదు. శాఖకు ముందస్తు సమాచార లేఖ (అనెక్స్‌చర్ హెచ్) ఇచ్చి, దాని నకలు జతచేసి దరఖాస్తు పెట్టవచ్చు.