ఆదివారం గదిలోనే గడిచిపోయే సమస్య: నాకు పనిచేసింది ఇది

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చి రెండేళ్లయినా నాకు తెలిసింది కూకట్‌పల్లిలో మా గది, ఆఫీసు, కర్రీ పాయింట్ మాత్రమే. ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండె బరువెక్కేది. జిమ్, ఆన్‌లైన్ కోర్సు, రోజూ ఇంటికి గంటసేపు ఫోన్... ఏదీ నిలబడలేదు.

చివరికి పనిచేసింది ఇది. శనివారం రాత్రే మెట్రో పటం చూసి, ఎప్పుడూ దిగని స్టేషన్ ఒకటి అనుకున్నాను. పొద్దున టిఫిన్ కాకముందే బయల్దేరాను. గదిలో తింటే మళ్లీ మంచమెక్కేస్తానని నాకు తెలుసు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగగానే ఫోన్ సంచిలో పెట్టేశాను. దారి మనుషులనే అడగాలని నియమం. ఇదే అన్నిటికన్నా కష్టం, మొదటిసారి నోరు పెగల్లేదు.

అఫ్జల్‌గంజ్‌లో టీ తాగుతూ పక్కనున్న పెద్దాయన్ని అడిగాను, ఇక్కడ చూడాల్సిందేమిటని. "ఉస్మానియా దవాఖాన్ల చింతచెట్టు చూసినవా బిడ్డా?" అన్నారు. 1908 మూసీ వరదలో ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారట. వెళ్లి దాని కింద చాలాసేపు నిలబడ్డాను. ఊరు వదిలి వచ్చాక ఈ నగరం నాది కూడా అనిపించింది అప్పుడే.

ఇప్పటికి పదకొండు ఆదివారాలు. రెండుసార్లు ఏమీ దొరక్క ఎండలో తిరిగొచ్చాను. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం ఉన్నవాళ్లకు ఇది చాలదేమో, డాక్టర్‌ని కలవండి. నాది కేవలం అలవాటుపడిన ఒంటరితనం. ఈ వారం మలక్‌పేటలో దిగుతున్నాను.