“కీత్ రిచర్డ్స్ బతికే ఉన్నాడుగా!” అనే బావగారికి జవాబు చెప్పడం ఎలా

మా బావగారికి రెండో పెగ్గు పడితే చాలు, రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గుర్తొస్తాడు. “అంత తాగి, హెరాయిన్ కూడా వాడినవాడు 80 దాటాడు. నాకేమవుతుందిరా?” అంటారు. ఇలాంటివాళ్ళకి లివర్ గురించి క్లాసు పీకితే వినరు. వాళ్ళ రాక్ సంగీతంలోకే దిగి మాట్లాడాలి. అదీ పొద్దున కాఫీ దగ్గర, గ్లాసు చేతిలో ఉన్నప్పుడు కాదు.

ముందు, కీత్ ఎప్పుడు మానేశాడో అడగండి. 1977లో టొరంటోలో హెరాయిన్‌తో పోలీసులకి దొరికాడు. జైలు తప్పదేమోనన్న భయంతో మరుసటి ఏడాదికల్లా దాన్ని వదిలించుకున్నాడు. అప్పటికి 35 కూడా నిండలేదు. సిగరెట్లు డెబ్బై దాటాక మానాడు, మందూ బాగా తగ్గించాడు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1987లో, బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1988లో తాగుడు మానేశారు. బావగారి దగ్గర ఈ సగం కథ ఉండదు.

తర్వాత ఫోన్‌లో స్టోన్స్ తొలినాళ్ళ గ్రూపు ఫోటో తీసి చూపించండి. నా అనుభవంలో బాగా పనిచేసేది ఇదే. అందులో గిన్నెలాంటి క్రాపుతో, బంగారు రంగు జుట్టుతో ఉన్నవాడు బ్రయన్ జోన్స్. ఆ బ్యాండు మొదలుపెట్టిందే అతను. 1969 జులైలో సొంత ఇంటి స్విమ్మింగ్‌పూల్‌లో పోయాడు, 27 ఏళ్ళకి. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో రోజంతా వోడ్కా తాగి పడుకుని మళ్ళీ లేవలేదు, 32 ఏళ్ళకి. అదే ఏడాది ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ పోయాడు, 33 ఏళ్ళకి. వీళ్ళ పేరు చెప్పి పెగ్గు పోసుకునేవాడు కనబడడు.

బావగారు మోటర్‌హెడ్ బ్యాండు గాయకుడు లెమ్మీ పేరు ఎత్తుతారు, సిద్ధంగా ఉండండి. 70వ పుట్టినరోజైన నాలుగు రోజులకే క్యాన్సర్‌తో పోయాడు. అమెరికన్ గాయకుడు డేవిడ్ క్రాస్బీ 81 ఏళ్ళు బతికాడు, నిజమే, 1994లో లివర్ మార్పిడి చేయించుకుని. స్టోన్స్‌లోనే ఇంకో గిటారిస్టు రానీ వుడ్‌కి 2017లో ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ ఆస్పత్రి ఖర్చులు మన జీతాలకి అందేవా?

అంకెలు కావాలంటే చివర్లో ఒక్కటి చాలు. 2007లో లివర్‌పూల్ పరిశోధకులు వెయ్యికి పైగా రాక్, పాప్ తారల లెక్క తీశారు. పేరొచ్చాక పాతికేళ్ళ దాకా వాళ్ళలో మరణాలు మామూలు జనంతో పోలిస్తే 1.7 రెట్లు ఉన్నాయి.

కొందరికి ఒళ్ళు గట్టిదే, ఆయుష్షు గట్టిదే. అది ఒప్పేసుకోండి, వాదన కోసం కాదనకండి.

ఒకవేళ బావగారు మెత్తబడి “రేపట్నుంచి మానేస్తా” అంటే వెంటనే సీసా లాక్కోకండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఉన్నపళంగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. ఇచ్చిన మాత్రలు అక్కయ్య దగ్గర పెట్టించండి: ‘ది హూ’ బ్యాండు డ్రమ్మర్ కీత్ మూన్ 1978లో చనిపోయింది మందు మాన్పించడానికి రాసిన మాత్రలు మోతాదు మించి వేసుకునే.