ఆసుపత్రిలో చేరే ముందు: ఇంట్లో చీర కట్టుకునే మగవారికి కొన్ని జాగ్రత్తలు

హెర్నియాకో, పిత్తాశయంలో రాళ్లకో ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక ఎవరికైనా కంగారు సహజం. తలుపు వేసుకుని చీర కట్టుకునే అలవాటున్న మగవారికి దానికి తోడు, ఒంటిమీది బట్టలు విప్పి ఎవరో గౌను తొడిగే చోట తమ సంగతి ఎవరికి ఎంత తెలిసిపోతుందోనన్న భయం కూడా ఉంటుంది. చేరేది కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనైనా చేయవలసింది ఒకటే: వైద్యానికి అవసరమైనది డాక్టరుకు ముందే చెప్పాలి, అవసరం లేనిది ఇంట్లోనే భద్రపరచి రావాలి.

చెప్పవలసిన వాటిలో మాత్రల సంగతి మొదటిది. చీర కట్టుకునే వారందరూ ఒంట్లో ఆడతనం కోసం హార్మోన్లు వాడరు. వాడేవారిలో కొందరు మాత్రం ఎవరికీ చూపించుకోకుండా మందుల షాపులో మాలా-డి వంటి గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని మింగుతుంటారు. వాటిలోని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను వల్ల కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది; ఆపరేషన్ తరువాత కదలకుండా పడుకునే రోజుల్లో అది మరింత ఎక్కువ, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. మగ హార్మోను ప్రభావాన్ని తగ్గించడానికి స్పైరోనోలాక్టోన్ అనే మందు వాడుతున్నవారికి రక్తంలో పొటాషియం పెరగవచ్చు కనుక మత్తు ఇచ్చే డాక్టరుకు అదీ తెలియాలి. దాచడం ఎంత ప్రమాదమో, ఆపరేషన్ దగ్గరపడిందని తమంతట తామే మానేసి ఆ సంగతి చెప్పకపోవడమూ అంతే ప్రమాదం. ఎప్పుడు ఆపాలో, గడ్డకట్టకుండా ఇంజెక్షన్ కావాలో వద్దో తేల్చవలసింది డాక్టర్లే.

దీన్ని చెప్పడానికి అనువైన సమయం మత్తు డాక్టరు చేసే ముందస్తు పరీక్ష. మన వైపు పేషెంటు వెంట బావమరిదీ, చిన్నాన్న కొడుకూ, ఊరివాళ్లొకరిద్దరూ గదిలోకి వచ్చేయడం మామూలే కనుక, "సార్, మీతో ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అని అడగడానికి మొహమాటపడకూడదు. అందరూ బయటికి వెళ్లాక, మాత్రల స్ట్రిప్పు చేతికిచ్చి, "ఇది ఇన్నాళ్లుగా వేసుకుంటున్నాను, ఇంట్లో తెలియదు" అంటే చాలు. ఎందుకు వేసుకుంటున్నారో కథంతా చెప్పనక్కరలేదు. పేషెంటు రహస్యాలను కాపాడవలసిన బాధ్యతను భారత వైద్య మండలి 2002లో తెచ్చిన ప్రవర్తనా నియమావళి డాక్టర్లపై పెట్టింది. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ప్రమాదం, అంటువ్యాధుల వంటి సందర్భాలు మాత్రమే దానికి మినహాయింపు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది.

అయితే నియమం ఎంత గట్టిదైనా కాగితం నోరు కట్టలేము. కేస్ షీటును వార్డులో ఎవరైనా తిరగేస్తారు, డిశ్చార్జి సమ్మరీని ఇంట్లో చదువుకున్న మేనల్లుడు గట్టిగా చదివి వినిపిస్తాడు. అందువల్ల మందు పేరు, మోతాదు రాసి, అలవాటు గురించిన వ్యాఖ్య లేకుండా చూడమని ముందే కోరాలి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో రౌండ్స్ సమయంలో మంచం చుట్టూ పదిమంది విద్యార్థులు నిలబడతారు కనుక, ఈ విషయాన్ని అక్కడ ప్రస్తావించవద్దని డ్యూటీ డాక్టరుకు చెప్పుకోవడం కూడా మంచిదే.

ఇక శరీరం సంగతి. చేతివేళ్లకే కాదు, కాలివేళ్లకు ఉన్న నెయిల్ పాలిష్‌ను కూడా ముందురోజే తుడిచేయాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు గోటిగుండా వెలుతురును పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో లెక్క కడుతుంది. నీలం, నలుపు వంటి ముదురు రంగుల వల్ల ఆ లెక్క తప్పు రావచ్చు. పైగా గోళ్లు, పెదవులు నీలంగా మారుతున్నాయేమో డాక్టర్లు కళ్లతోనూ చూస్తారు కనుక లిప్‌స్టిక్ ఛాయ కూడా మిగలకూడదు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు మాత్రం దేనితోనూ పోదు. దాని గురించి కంగారు పడనక్కరలేదు. నర్సుకు చూపిస్తే క్లిప్పును చెవి తమ్మెకు తగిలిస్తారు. ముక్కుపుడక, కమ్మలు, మెట్టెలు తీసేయాలి, ఎందుకంటే రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలినచోట చర్మం కాలవచ్చు. ఎమ్మారై గదిలోకి హుక్కులున్న లోదుస్తులతో, జరీ బట్టతో వెళ్లకూడదు.

నున్నగా ఉండాలని ముందురోజు రాత్రి కడుపూ కాళ్లూ రేజరుతో గీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. కంటికి కనిపించని గాట్లలో క్రిములు చేరి కుట్లు చీము పట్టవచ్చు. వెంట్రుకలు తీయవలసి వస్తే ఆసుపత్రివాళ్లే క్లిప్పరుతో తీస్తారు. ఇక్కడి ఎండల్లో బిగుతైన సింథటిక్ లోదుస్తులూ, ఒంటి ఆకారం కోసం పెట్టుకునే ప్యాడ్లూ వేసుకుంటే నడుము మడతల్లో చెమటకు తామర లేస్తుంది. కోత పెట్టవలసిన చోట చర్మం అలా ఉంటే ఆపరేషన్ వాయిదా పడవచ్చు, కాబట్టి కొన్నాళ్ల ముందే వాటికి విరామమిచ్చి చర్మాన్ని ఆరనివ్వాలి.

సంచి, ఫోన్, బీరువా తాళం: ఈ మూడూ ఎవరి చేతికి వెళతాయో ఆలోచించాలి. ఆపరేషన్ థియేటరులోకి వెళ్లేటప్పుడు ఫోన్ అటెండెంటు చేతిలో ఉంటుంది, మందుల బిల్లుకు డబ్బు పంపాలంటే దాని తాళమూ చెప్పవలసి వస్తుంది. ఫొటోలను ముందే వేరే చోటికి మార్చుకోవాలి. తువ్వాలు కోసం వదిన బీరువా తెరవకూడదనుకుంటే తువ్వాళ్లన్నీ ముందే సంచిలో సర్దుకోవాలి. విషయం తెలిసిన మనిషి ఒక్కరుంటే వారినే అటెండెంటుగా ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు, మత్తు దిగేటప్పుడు నోటినుంచి ఏదైనా మాట జారినా ఇబ్బంది ఉండదు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరేవారు పేరు, లింగం ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి, లేకపోతే అనుమతి దగ్గరే పని ఆగుతుంది.

ఎవరికైనా తెలిసిపోతే లోకం తలకిందులవుతుందని అనుకోనక్కరలేదు. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీకి మగవారు చీరలు కట్టుకుని రతీమన్మథులకు మొక్కులు చెల్లిస్తారన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మొక్కుకు కట్టే చీరా, మనసుకు నచ్చి కట్టే చీరా జనం కంటికి ఒకటి కావన్నదీ నిజమే. ఎవరైనా నర్సో ఆయానో వెటకారంగా మాట్లాడితే వార్డులో గొడవకు దిగకుండా, తేదీ, సమయం రాసుకుని సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

చీరలో బయటికి వెళ్లేవారికి ప్రమాదం చెప్పి రాదు. పర్సులో బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందులు, విషయం తెలిసిన ఒకరి నంబరు రాసిన కాగితం ఉంచుకోవాలి. ప్రాణం కాపాడే తొందరలో బట్టలు కత్తిరించేస్తారు, పోలీసు కేసయితే అవి వారి చేతికి వెళ్లవచ్చు. అలాగని బట్టలు మార్చుకోవడం కోసం 108కి ఫోన్ చేయడం ఆలస్యం చేయకూడదు.

ఇంటికి వచ్చాక కడుపుమీద కుట్లు ఉన్నవారు లంగా బొందు తొందరపడి బిగించకూడదు. ఆ ముడి సరిగ్గా కోత మీదే ఒత్తుకుంటుంది. కుట్లు తీయించుకోవడానికి వెళ్లినప్పుడు, నడుముకు బిగుతుగా కట్టే బట్ట ఎప్పటినుంచి కట్టుకోవచ్చునని డాక్టరును అడగవచ్చు. లుంగీ కట్టేవారూ అదే అడుగుతారు.