పాత ఫియట్ పాలియో 1.6కి ఆర్సీ రెన్యువల్: దరఖాస్తు విధానం

2001లో మన దేశంలోకి వచ్చిన పాలియో 1.6 (1,596 సీసీ, 16 వాల్వులు, దాదాపు 100 హార్స్‌పవర్) ఇప్పుడు ఎవరి దగ్గరున్నా మొదటి పదిహేనేళ్ల ఆర్సీ అయిపోయే ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2004లో రిజిస్టరైన బండికి 2019లో, 2024లో, మళ్లీ 2029లో అన్నమాట.

ఎప్పుడు, ఎంత

గడువు తేదీకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25 (రెన్యువల్ దరఖాస్తు) ఇవ్వొచ్చు, అంతకన్నా ముందు కుదరదు. ఆలస్యమైతే కారుకు నెలకు రూ.500 అదనం. గడువు దాటిన ఆర్సీతో రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ ప్రకారం మొదటిసారే రూ.2,000 నుంచి 5,000 దాకా జరిమానా. ఫీజు 20 ఏళ్లలోపు కారుకు రూ.5,000; 20 దాటితే 2025 ఆగస్టు నుంచి రూ.10,000. దీనిపై గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) ఉంటుంది, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కాగితాలు

ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు. రవాణా శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని బండితో సహా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి. ఇంజను 1,500 సీసీ దాటింది కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం పై శ్లాబులో పడుతుంది. 2022 జూన్ పట్టిక ప్రకారం ఏడాదికి రూ.7,897, పన్ను కాక.

చాలామంది ఆగిపోయేది హైపోథికేషన్ (లోను ఇచ్చిన బ్యాంకుకు బండి తాకట్టు) దగ్గర. లోను ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35తో ముందు దాన్ని తీయించుకోండి. బ్యాంకు వేరేదాంట్లో కలిసిపోయి ఉంటే ఈ ఒక్క కాగితానికే వారాలు పడుతుంది, అరవై రోజుల్లో సగం దీనికే పోతుంది.

పొల్యూషన్ దగ్గర తేడా కొట్టేవి

బీఎస్-2, బీఎస్-3 (పొగ పరిమితి ప్రమాణాలు) పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్ 750 పీపీఎం మించకూడదు. చల్లటి ఇంజనుతో వెళ్తే మంచి బండి కూడా ఫెయిలవుతుంది. ఇరవై నిమిషాలు నడిపి, వేడి చల్లారకముందే సైలెన్సరులో టెస్టు పైపు పెట్టించండి. రీడింగు చూస్తే రోగం తెలుస్తుంది: కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, ఆక్సిజన్ సెన్సార్, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. అది తక్కువుండి హైడ్రోకార్బన్ ఎక్కువుంటే మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని. నాలుగు ప్లగ్గులు, వైర్లు, ఇన్‌టేక్‌లో గాలి లీకు వెతకాలి. సౌండు కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) తీసేసిన బండైతే ఏ ట్యూనింగూ పెద్దగా పనిచేయదు. తీసేసిన కన్వర్టర్ షెడ్డులో ఉంటే తెచ్చి బిగించడమే.

తనిఖీ రోజు

ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) చూసేది బండి ఆర్సీతో సరిపోతోందా అని. రంగు మార్చి ఆర్సీలో రాయించకపోతే అక్కడే ఆపుతారు. 1.2 బాడీలో 1.6 ఇంజను వేసిన బండైతే ఇంజను నంబరు కలవదు. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి. అద్దాల మీద ఫిల్ము, కళ్లు చెదిరే హెచ్‌ఐడీ బల్బులు, లౌడ్ ఎగ్జాస్ట్ తీసేసి వెళ్లండి.

ఛాసిస్ నంబరు ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకుని, దాని మీద దుమ్ము, తుప్పు ముందురోజే డీజిల్ గుడ్డతో నెమ్మదిగా తుడవండి. సాండ్‌పేపర్ మాత్రం వద్దు. అంకె ఒక్కటి పల్చబడ్డా నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది, అది తేల్చుకోవడం రెన్యువల్ కన్నా పెద్ద పని. హ్యాండ్‌బ్రేకు కేబుల్, రివర్స్ లైటు, వైపర్, హారన్, హెచ్‌ఎస్ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేటు కూడా ఇంటి దగ్గరే చూసుకోండి. ఫెయిలైతే లోపం సరిచేయించి, కొత్త స్లాట్‌లో బండిని మళ్లీ చూపించాలి.